తలంటుకీ తలంటుకీ మధ్య

దువ్వెన కింద పెట్టండి

ఊరిగాంలో ముప్పై ఒక్క ఏళ్లు లేడీస్ పార్లర్ నడిపాను. మణికట్టు మొరాయించడంతో రెండేళ్ల కిందట మూసేశాను. ఇప్పుడు బ్యూటీషియన్ కోర్సు చేసిన పిల్లలు ఇంటికొచ్చి, ఆంటీ మీ అనుభవం చెప్పండి అంటారు. చెప్తుంటే ఫోన్ చూసుకుంటూ వింటారు. రాసిస్తే చదివేటప్పుడైనా ఫోన్ పక్కన పెడతారని రాయడం మొదలుపెట్టాను. తీరా చూస్తే ఇది కూడా ఫోన్‌లోనే చదువుతారట. సరే, కానివ్వండి.

పార్లర్ పని అంటే పెళ్లికూతుర్ని చెయ్యడం, ఫేషియల్ చెయ్యడం అనుకుని వస్తారు మీరు. నా పని అది కాదు. ఒకే మాటని ముప్పై ఒక్క ఏళ్లు చెప్పడం నా పని. ఉంగరాల జుట్టు ఎండి ఉన్నప్పుడు దువ్వొద్దు. అంతే. వినేవాళ్లు తలూపేవాళ్లు. తలూపి ఇంటికెళ్లి పళ్లు ఇరుకుగా ఉండే దువ్వెన తీసుకుని మాడు నుంచి చివరిదాకా బరబరా లాగేవాళ్లు. వారం తరవాత గడ్డివాములాంటి తల వేసుకుని వచ్చి, మీరు చేసింది నిలవలేదు మేడమ్ అని నా మీదే నేరం మోపేవాళ్లు.

మా వైపు నీళ్ల సంగతి తెలిసిందే. బకెట్ అడుగున తెల్లగా పేరుకునే బోరు నీళ్లు. అవి కూడా రోజూ రావు. తలంటు వారానికి ఒక్కసారి, నీళ్లకి మరీ కటకటైతే పది రోజులకి ఒకసారి. తలంటిన రోజు ఎవరి జుట్టైనా బాగానే ఉంటుంది. దానికి మనం అక్కర్లేదు. మిగతా ఆరు రోజులు ఉంగరం విడిపోకుండా, చిక్కు పడకుండా, తల కంపు కొట్టకుండా చూసుకోవడం నేర్పించాలి. ఏ కోర్సులోనూ ఇది చెప్పరు.

రోసీ మేడమ్ నియమం

నాకు పని నేర్పింది రాబర్ట్‌సన్‌పేటలో పార్లర్ నడిపిన రోసీ మేడమ్. మా నాన్న చిత్తూరు వైపు పల్లె నుంచి ఇక్కడి బంగారు గనుల్లో పనికి వచ్చినాయన. నాకు పదో తరగతి అయ్యాక, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని ఆవిడ దగ్గర చేర్చాడు. చేతి పనిలో ఆవిడకి సాటి లేదు. జుట్టుని వేళ్లతో ముట్టుకుని, ఇది ఎన్ని రోజుల కిందట తలంటుకుందో చెప్పేది. తడి లేని ఉంగరాల జుట్టు మీద దువ్వెన పెడితే చేతి మీద చరిచేది. ఎన్నిసార్లు చరిచిందో లెక్క లేదు. ఆ దెబ్బలతోనే నేర్చుకున్నాను, దానికి ఆవిడకి రుణపడి ఉంటాను.

కానీ ఆవిడకి ఇంకో నియమం ఉండేది. కస్టమర్ జుట్టు సంగతి తప్ప ఇంటి సంగతి అడగకూడదు. అడిగితే మాటలు పెరుగుతాయి, ఊళ్లో పుకార్లు మన షాపు నుంచే పుట్టాయంటారు అని భయం. ఎవరైనా అత్తగారి గురించి మొదలుపెడితే హెయిర్ డ్రయర్ ఆన్ చేసేది. నేను సొంత షాపు పెట్టాక ఆ నియమాన్ని కూడా వెంట తెచ్చుకున్నాను. చాలా పద్ధతిగల దాన్నని గర్వం కూడా ఉండేది. అది ఎంత తెలివితక్కువ గర్వమో తెలియడానికి నాకు పాతికేళ్లు పైనే పట్టింది.

ఆరు రోజులు ఏం చెయ్యాలి

ముందు పని చెప్పేస్తాను, లేకపోతే కథ చెప్పి పని చెప్పలేదంటారు.

రాత్రి పడుకునే ముందు జుట్టంతా నడినెత్తి మీదకి వదులుగా చేర్చి, మెత్తని గుడ్డతో ఒక్క చుట్టు కట్టాలి. రబ్బరు బ్యాండు వద్దు. దిండు మీద పాత పట్టు గుడ్డ వెయ్యాలి, నూలు గలీబు అయితే ఉంగరాన్ని రాపాడి పీచు చేస్తుంది. పొద్దున విప్పి, చేతులు తడి చేసుకుని, చివర్లని గుప్పిట్లో పట్టి పైకి నొక్కాలి. చిక్కు ఉంటే వేళ్లతో కింది నుంచి పైకి విడదీయాలి. అవిసె గింజలు నీళ్లలో ఉడకబెట్టి వడగడితే జిగురు వస్తుంది, అది చెంచాడు రాస్తే చాలు. తరవాత ఆరేదాకా ముట్టుకోకూడదు. ముట్టుకోకూడదు అంటే ముట్టుకోకూడదనే అర్థం. నాలుగో రోజుకి మాడు జిడ్డుగా అనిపిస్తే తడి గుడ్డతో పాయపాయకీ మధ్య తుడవాలి. నూనె చివర్లకి రెండు చుక్కలు. చెవుల మీదుగా కారేటట్టు పట్టించి రెండు జడలు బిగించి వేస్తే అణిగిందనుకుంటారు గానీ, అది అణగలేదు, విరుగుతోంది.

ఇందులో కష్టమైంది ఏమీ లేదు. అయినా ఎవరూ చెయ్యరు. ముఖ్యంగా ముట్టుకోకుండా ఉండలేరు. శ్రీనివాసపురంలో ఒక మామిడి వ్యాపారి కూతురికి పెళ్లి ముందు రోజు నుంచీ కూర్చుని ఒక్కో ఉంగరం తీర్చాను. ఆరాలి, ఇంకో అరగంట ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మేనత్త దువ్వెన పుచ్చుకుని నిలబడి ఉంది. చింపిరిగా ఉంటే కాస్త సరిచేశానమ్మా అంది. ముహూర్తం ఫొటోల్లో పెళ్లికూతురి తల పందిరి స్తంభం కంటే వెడల్పుగా పడింది. ఆ ఆల్బమ్ చూసిన వాళ్లందరూ, పార్లర్ ఎవరిదని అడిగి గుర్తు పెట్టుకున్నారట.

నా మాట విన్న ఒక్క పిల్ల

ఇన్నేళ్లలో నా మాట పూర్తిగా విన్నది ఒక్కతే. పేరు పద్మ. ఊరిగాం పిల్లే, మా నాన్నతో గనిలో చేసినాయన మనవరాలు. తల్లి లేదు. ఏడో తరగతిలో ఉండగా ఒక రోజు షాపుకి వచ్చింది. నడుం దాకా జుట్టు, వేలికి చుట్టినట్టు సన్నని ఉంగరాలు, అందులో సగం చిక్కులు. స్కూల్లో టీచరు జుట్టు అణచి రమ్మందని, కత్తిరించమని అడిగింది. నేను కత్తిరించలేదు. కూర్చోబెట్టి పైన చెప్పినవన్నీ నేర్పాను. వారం తరవాత వచ్చింది. ఒక్క చిక్కు లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్మండి. అప్పటి నుంచి పెళ్లయ్యేదాకా ప్రతి నెలా వచ్చేది. కొత్త పిల్లలకి చూపించడానికి నాకు ఆ తల ఒక్కటే దొరికింది.

ఆవని దగ్గర పల్లెకి కోడలిగా వెళ్లింది. పెళ్లయిన ఏడాదికి, ఎండాకాలంలో ఒక రోజు షాపుకి వచ్చింది. జుట్టు బిరుసెక్కి ఉంది. అక్కడ పని ఎక్కువ అక్కా, పది పదిహేను దినాలు తల తడిపేదానికి గూడా కుదరదు అంది. ఏం పని అని నేను అడగాలి. అడగలేదు. నోటి దాకా వచ్చింది, రోసీ మేడమ్ గుర్తొచ్చి మింగేశాను. బెంగళూరు నుంచి కొత్తగా తెప్పించిన క్రీము ఒకటి ఉంది నా దగ్గర. తలంటక్కర్లేదు, కడిగెయ్యక్కర్లేదు, జుట్టుకి రాసి వదిలెయ్యడమే. మల్లెపూల బుట్ట బోర్లించినట్టు వాసన. రోజుకి రెండు పూటలా రాయి, ఒక్క పూట కూడా తప్పొద్దు అని చెప్పి సీసా చేతిలో పెట్టాను. చెప్పానుగా, ఆ పిల్ల నా మాట వింటుంది.

మూడు తట్టలు

పది రోజుల తరవాత మధ్యాహ్నం పద్మ మళ్లీ వచ్చింది. తలకి గుడ్డ చుట్టుకుని ఉంది. వెంట వాళ్ల అత్తగారు నారాయణమ్మ. సన్నగా, పొట్టిగా, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఉన్న మనిషి. వచ్చీ రాగానే నా క్రీము సీసా బల్ల మీద పెట్టింది. చేత్తో పట్టుకోలేదు, రెండు కవర్లలో చుట్టి తెచ్చింది.

వాళ్లది పట్టుపురుగులు పెంచే ఇల్లు. అది నాకు అప్పుడే తెలిసింది. పురుగుల గదిలోకి ఏ వాసనా పోకూడదట. పౌడరు రాసుకోరు, ఊదొత్తి వెలిగించరు, దోమల చుట్ట పెట్టరు. నా మొగుడు బీడీ తాగితే ఆ పూట వాకిలి గూడా దాటనీయను అంది నారాయణమ్మ. అలాంటి ఇంట్లోకి రోజూ రెండు పూటలా నా మల్లెపూల క్రీము వెళ్లింది. పద్మ మేత వేసే వైపు మూడు తట్టల్లో పురుగులు మల్బరీ ఆకు ముట్టలేదు. అంచులకి పాకాయి, పచ్చటి నీళ్లు కక్కాయి, రెండు రోజుల్లో పోయాయి.

"ఈ జుట్టు నా ఇంటికి పనికిరాదు," అంది నారాయణమ్మ. "నువ్వే పెంచినావంట గదా. నువ్వే తీసెయ్. లేదంటే పోతా పోతా ఆవనిలో గుండు చేయిస్తాను. ఏదో ఒకటి ఈ పొద్దే తేలిపోవల్ల."

పద్మ కుర్చీలో కూర్చుని అద్దంలోంచి నన్ను చూసింది. ఏడవలేదు. నామీద కోపం కూడా లేదు, అదే నాకు భరించలేనట్టు అనిపించింది.

"నువ్వు చెప్పినట్టే చేసినాను అక్కా," అంది. "ఒక్క పూట గూడా తప్పలేదు."

ముప్పై ఏళ్లలో నా మాట విన్న ఒక్క మనిషీ విన్నందుకే జుట్టు పోగొట్టుకోబోతోంది. ఇంతకంటే సిగ్గుపడిన రోజు నాకు లేదు.

ఆ పురుగులు నా క్రీము వల్లే పోయాయా అంటే ఈ రోజుకీ ఒట్టేసి చెప్పలేను. పక్కింటాయన ఎండ దెబ్బ అన్నాడట. ఆకు కోసిన చేను పక్కన టమాటాకి మందు కొట్టారని ఇంకొకరు అన్నారు. ఏదైనా కావచ్చు. కానీ నేను అడగకుండా ఇచ్చాను, అది మాత్రం నా తప్పు. పిల్లలూ, జుట్టు చూడకముందు చేతులు చూడండి. ఆ చేతులు రోజంతా ఏం పని చేస్తాయో అడగండి. పొయ్యి దగ్గరా, పాల దగ్గరా, పురుగుల దగ్గరా? పుకార్లు పుడితే పుట్టనివ్వండి.

నేను కత్తెర తీయలేదు. మిగిలిన తట్టలు ఎలా ఉన్నాయని నారాయణమ్మని అడిగాను. బాగానే ఉన్నాయంది. నాలుగో జ్వరంలో పడ్డాయి, ఇవాళ మేత వెయ్యక్కర్లేదు, అందుకే బస్సెక్కి రాగలిగానంది. పురుగులు లేచాక గూడు కట్టేదాకా ఇంకో ఎనిమిది రోజులు ఊపిరాడనంత పని. ఆ ఎనిమిది రోజులు నాకు ఇవ్వమని అడిగాను. వాసన లేకుండా, చిక్కు లేకుండా ఆ జుట్టుని ఉంచే బాధ్యత నాది, కుదరకపోతే కత్తెర తీసుకుని నేనే మీ ఊరొస్తానని చెప్పాను.

నారాయణమ్మ వేలు మడిచి షరతులు లెక్కపెట్టింది.

"వాసన రాకూడదు," అంది. "తట్టలో ఒక్క ఎంటిక కనపడకూడదు. కనపడిందా, ఇంగ నీ మాట గూడా వినేది లేదు."

పురుగుల గది

షాపుకి తాళం వేసి అదే బస్సులో వాళ్లతో వెళ్లాను. మర్నాడు పొద్దున్నే పురుగుల గది చూపించమన్నాను. నారాయణమ్మ ముందు నన్ను పైనుంచి కిందిదాకా వాసన చూసింది. తలలో పూలు తీయించింది, మొహం ఉత్త నీళ్లతో కడిగించింది. అప్పుడు గది గుమ్మంలో నిలబడనిచ్చింది.

తట్టల నిండా పురుగులు తలలు పైకెత్తి కదలకుండా ఉన్నాయి. చచ్చిపోయాయేమో అనుకున్నాను. కాదట. పాత చర్మం విడిచి కొత్త చర్మం తొడుక్కుంటున్నాయట. గూడు కట్టేలోపు నాలుగుసార్లు అలా చేస్తాయట, దాన్నే వాళ్లు జ్వరం అంటారు. ఆ సమయంలో ఆకు వెయ్యరు, తట్ట కదపరు, వేలు పెట్టరు. కదిపితే చర్మం సగంలో చిక్కుకుని పురుగు పోతుందట. నేను తెలియక దగ్గర్లో ఉన్న తట్ట అంచు మీద చెయ్యి వేయబోతే, నారాయణమ్మ వెనక నుంచి నా కొంగు పట్టుకుని లాగేసింది.

తరవాత పెరట్లో పద్మని కూర్చోబెట్టాను. క్రీము వాసన పోయేదాకా ఉత్త నీళ్లతో కడిగాను. ఆ నీళ్లు ఇచ్చేటప్పుడు నారాయణమ్మ మొహం చూడాల్సింది. ఆ తరవాత ప్రతి రోజూ ఏం చెయ్యాలో చెప్పాను. చిక్కు తియ్యడం పెరట్లోనే, పురుగుల గదికి దూరంగా. రాలిన వెంట్రుకలు అక్కడే ఏరి కాగితంలో చుట్టాలి. ఎండు జుట్టుని దువ్వితే రోజంతా తుంపులు రాలుతూనే ఉంటాయి, తట్టల్లో పడేవి అవే. తడి వేళ్లతో ఒక్కసారి తీసేస్తే ఇంక రాలవు. ఈ మాట విని ఆవిడ మొదటిసారి తలూపింది. అవిసె గింజలు వాళ్ల పొయ్యి మీదే ఉడకబెట్టాను. ఆ జిగురుని చెంచాతో ముక్కు దగ్గర పెట్టుకుని మూడుసార్లు వాసన చూసి, ఏమీ లేదు అంది.

దిండు మీదకి పట్టు గుడ్డ కావాలన్నాను. ఇంటిల్లిపాదీ పట్టు మీద బతికే ఇంట్లో ఒక్క పట్టు పేలిక లేదు. గూళ్లన్నీ మార్కెట్టుకి పోతాయి. ఆఖరికి నారాయణమ్మ తన పెట్టె తెరిచి, చిరిగిపోయిన పాత పట్టుచీర తెచ్చింది. అందుకుని చించబోతూ ఆగాను. ఈసారి నేనే ముందు వాసన చూశాను. గుప్పున నాఫ్తలీన్ ఉండల కంపు. ఇది వద్దమ్మా, ఉతికి రెండు దినాలు ఎండలో వేసినాక వాడుకుందాం అన్నాను. ఆ మధ్యాహ్నం ఆవిడ నా అన్నంలో నెయ్యి వేసింది.

ఆరేదాకా ముట్టుకోవద్దని వెళ్లేముందు పదిసార్లు చెప్పాను. చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు చేరి, ఎంత బాగుండాదో చూద్దామని చేతులు చాపుతూనే ఉన్నారు. ఎంత సేపు ముట్టకూడదని నారాయణమ్మ అడిగింది. ఎండలో గంట, నీడలో రెండు గంటలు అన్నాను. కదిపితే ఏమవుతుందని అడిగింది. సగంలో విడిపోయి పాడవుతుంది, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి అన్నాను. సరే అంది. ఆ సరేలు నేను చాలా విన్నాను. బస్సు ఎక్కి దారి పొడుగునా విసుక్కుంటూనే వచ్చాను.

తొమ్మిదో రోజు

మాట ప్రకారం తొమ్మిదో రోజు వెళ్లాను. సంచిలో కత్తెర పెట్టుకున్నాను. ఆ సంచి అంత బరువు ఎప్పుడూ అనిపించలేదు. పద్మకి నేనే కత్తిరించాల్సి వస్తే ఇంక షాపు తెరవకూడదని బస్సులో నిర్ణయించుకున్నాను.

ఇంటి ముందు, పురుగులు గూళ్లు కట్టుకోవడానికి అల్లిన వెదురు చంద్రికలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి చంద్రిక నిండా గూళ్లు, పచ్చగా, బొద్దుగా. నారాయణమ్మ ఒక చంద్రిక ముందు గొంతుక్కూర్చుని, చివర్లో గూడు కట్టే పురుగుల్ని చూస్తోంది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. పోయిన మూడు తట్టల సంగతి మాత్రం ఎత్తింది. ఇప్పటికీ ఎప్పుడు కలిసినా ఎత్తుతుంది. వాసన వచ్చిందా అమ్మా అని అడిగాను. పక్క చంద్రిక ముందుకి జరిగింది. ఎంటిక ఏమన్నా పడిందా అన్నాను. ఒక గూడుని వేళ్లతో మెల్లగా నొక్కి చూసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. అవునో కాదో చెప్పడానికి ఈ మనిషికి ఏమైంది అనుకున్నాను.

పద్మ పెరట్లో నుంచి వచ్చింది. అప్పుడే తడిపి జిగురు రాసుకున్నట్టుంది. ఉంగరాలన్నీ భుజాల మీద దేనికదే తీరుగా కూర్చుని ఉన్నాయి. నా చేత్తో చేసినా అంత బాగా కుదరదేమో. చెవి పక్కన ఒక్క ఉంగరం మాత్రం మెలిక తప్పి ఉంది. ముప్పై ఏళ్ల అలవాటు కదా, సరిచేద్దామని నా చెయ్యి దానంతట అదే వెళ్లింది.

చేతి మీద ఫట్‌మని దెబ్బ పడింది. రోసీ మేడమ్ తరవాత నన్ను అలా కొట్టినవాళ్లు లేరు. చూస్తే నారాయణమ్మ. ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. కోడలికీ నాకూ మధ్య అడ్డంగా నిలబడి ఉంది.

"ముట్టద్దు," అంది. "జ్వరంలో ఉండాది."